‘చెయ్యి’ అన్న గొంతు

తూనీగ అని పేరు పెట్టింది కోచ్ సారే. సన్నగా ఉంటుంది, ఒకచోట నిలవదు. రిలేలో నలుగురు పరిగెత్తితే ఒకటో అమ్మాయికీ మూడో అమ్మాయికీ ట్రాక్ వంపు వస్తుంది. ఆ వంపులో చాలామంది బయటికి తూలిపోతారు. ఈ పిల్ల లోపలి గీత వదలకుండా, వేగం తగ్గకుండా దూసుకుపోతుంది. అందుకే కాలేజీలో చేరిన ఏడాదే మూడో పరుగు ఆమెకిచ్చారు.

ఆమెకు బ్యాటన్ కర్ర అందించేది జట్టు కెప్టెన్, ఆఖరి సంవత్సరం అమ్మాయి. తూనీగకు ఆమె కెప్టెనక్క.

బ్యాటన్ అందుకోవడానికి ఒక పద్ధతి ఉంది. వెనక వచ్చే అమ్మాయి నేల మీది గుర్తు దాటగానే ముందున్న అమ్మాయి పరుగు మొదలుపెట్టాలి. ఇక వెనక్కి తిరగకూడదు, తిరిగితే వేగం చస్తుంది. వెనకనుంచి “చెయ్యి!” అని కేక పడగానే చెయ్యి వెనక్కి చాపాలి. తక్కిన పని వెనకున్న మనిషిది. తూనీగ ఏనాడూ తిరిగి చూసింది లేదు.

“అక్క గొంతుంటే చాలు, కళ్లెందుకు?” అనేది.

తూనీగ వాళ్లమ్మకు బస్టాండు వెనక చిన్న కుట్టు కొట్టు ఉంది. కాలేజీవాళ్లిచ్చిన నిక్కర్లు నడుము దగ్గర జారిపోతుంటే, జట్టు మొత్తానివీ పట్టీలు విప్పి, మడత లోపల రెండో కుట్టు వేసి బాగుచేసింది ఆమే. కెప్టెనక్క మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, “అత్తా, నాది బాగా బిగించు” అనేది.

“ఊపిరాడొద్దటే తల్లీ? పరిగెత్తేది నువ్వు, నిక్కరు కాదు” అని అమ్మ నవ్వేది.

సాధనకు దిగే ముందు అమ్మాయిలు ఫోన్లు కెప్టెనక్క సంచిలో వేస్తారు. ఒక సాయంత్రం ఆమె తూనీగ ఫోను తీసి, కాలేజీ జెర్సీలో ఉన్న తూనీగ చేత నడుము పట్టీ చూపించి, రెండడుగులు పరిగెత్తించి వీడియో తీసింది. కింద ‘మా అత్త కుట్టు, జారదు, చిరగదు’ అని రాసి, కొట్టు నంబరు కూడా చేర్చి, తూనీగ ఖాతాలోనే పెట్టేసింది.

“అక్కా, రూల్స్ మేడమ్ చూస్తే?”

క్రీడాకారుల నియమాలు చూసే ఆవిడను అందరూ అలాగే పిలుస్తారు. కాలేజీ జెర్సీ వేసుకుని ఏ వ్యాపారానికీ ప్రచారం చెయ్యకూడదని, చేస్తే జట్టులోంచి తీసేస్తామని ఏడాది మొదట్లోనే చెప్పింది.

“ఆవిడ చూసేది పెద్ద కంపెనీల సంగతులే. కుట్టు కొట్టుని ఎవడు పట్టించుకుంటాడే? అయినా నేనున్నాగా.”

తూనీగ నవ్వి ఊరుకుంది. అక్క ఉందిగా.

వారం తిరగకుండా ఇద్దరికీ పిలుపు వచ్చింది. రూల్స్ మేడమ్ గదిలో ఫ్యాను పెద్దగా చప్పుడు చేస్తోంది. బల్ల మీద ఫోనులో వీడియో ఆడుతోంది.

“ఇది ఎవరు పెట్టారు?” అంది మేడమ్.

తూనీగ కెప్టెనక్క వైపు చూసింది. కెప్టెనక్క బల్ల మీది పెన్నుల డబ్బా వైపు చూస్తోంది.

“నాకు తెలీదు మేడమ్. ఫోను తనది, ఖాతా తనది, కొట్టూ వాళ్లమ్మదే.”

“అదేంటక్కా? ఫోను నీ దగ్గరే కదా ఉంది?”

“ఉంటే? అందరివీ ఉంటాయి. నీ ఫోనులో నువ్వేం పెట్టుకుంటావో నాకెలా తెలుస్తుందే?”

గొంతులో ఏ తేడా లేదు. ట్రాక్ మీద “చెయ్యి!” అనే గొంతే అది.

మొదటి తప్పు కాబట్టి వదిలేస్తున్నానని, వీడియో తీసెయ్యమని, మళ్లీ జరిగితే జట్టులో చోటు ఉండదని చెప్పి పంపింది మేడమ్. వరండాలోకి రాగానే కెప్టెనక్క తూనీగ భుజం మీద చెయ్యి వేసింది.

“నిన్ను తియ్యరని నాకు తెలుసే. నా పేరొస్తే కెప్టెన్సీ పోయేది. అర్థం చేసుకో.”

తూనీగ భుజం తప్పించుకుని వెళ్లిపోయింది.

కొట్టులో అమ్మ మొదట, “పోనీలేవే, ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు ఆ వీడియో పుణ్యాన” అంది. పెట్టిందెవరో, కాదన్నదెవరో విన్నాక మిషను ఆపేసింది. “ఆ పిల్ల నడుము కొలత నాకు ఇంకా నోటికొచ్చునే” అంది.

మర్నాడు సాధనలో కెప్టెనక్క గుర్తు దాటింది. తూనీగ పరుగు తీసింది. “చెయ్యి!” అని కేక పడింది. తూనీగ మెడ వెనక్కి తిరిగిపోయింది.

“చూడకే!” అని అరిచాడు కోచ్ సార్.

మళ్లీ చేశారు. మళ్లీ తిరిగింది. తిరగకూడదని పళ్లు బిగపట్టినా మెడ మాట వినలేదు. బ్యాటన్ కింద పడి దొర్లుకుంటూ పోయింది.

“పోటీలు నెత్తిమీదికొచ్చాయి. ఇలా అయితే నీ చోటు వేరేవాళ్లకివ్వాలి” అన్నాడు సార్.

“నాకు మొదటి పరుగివ్వండి సార్. అదీ వంపే. అక్కడ నాకెవరూ వెనకనుంచి ఇవ్వక్కర్లేదు.”

సార్ ఆమె ముఖం చూశాడు గానీ కారణం అడగలేదు. మొదటి అమ్మాయిని మూడో పరుగుకు మార్చాడు. రెండోది కెప్టెనక్కదే. అంటే ఇప్పుడు బ్యాటన్ అందించాల్సింది తూనీగ, వెనక్కి చూడకుండా చెయ్యి చాపాల్సింది కెప్టెనక్క.

పోటీ రోజున తూనీగ వంపంతా లోపలి గీత వెంటే వచ్చి, అందరికంటే ముందు గుర్తు దాటింది. గొంతు చించుకుని “చెయ్యి!” అంది.

కెప్టెనక్క వెనక్కి తిరిగి చూసింది.

అడుగు తడబడింది. చాపిన చెయ్యి గాలిలో ఊగింది. తూనీగ ఆ చేతిని వెతికి పట్టుకుని, బ్యాటన్ సరిగ్గా అరచేతి నడుమ పెట్టి వదిలింది. అప్పటికే పక్క వరసలవాళ్లు దాటిపోయారు.

అయిపోయాక సార్ కెప్టెన్ను నిలదీశాడు. “ఎందుకు తిరిగావు?”

“కేక వినపడలేదు సార్.”

కంచె అవతల నిలబడ్డ అమ్మ ఆగలేకపోయింది. “నాకు ఇక్కడికి వినపడిందే తల్లీ!”

సార్ తూనీగ వైపు తిరిగాడు. “కేకేశావా?”

తూనీగ నేల మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటోంది.

“వేశాను సార్” అంది. కెప్టెనక్క వైపు చూడలేదు.