తడి ఇసుకలో తుంగగడ్డలు

చొక్కాల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి కాజాలు కుట్టి రిటైరైన ఆవిడను వీధి వీధంతా 'కాజాల వదిన' అంటుంది. దారం ఎక్కడ తెగిందో వేలికొసతోనే చెప్పగల మనిషి; ఎవరు ఏ మాట అన్నారో అంతకన్నా బాగా గుర్తుంచుకునే మనిషి. ఆవిడకు కోపం తొందరగా రాదు. వచ్చిందంటే తొందరగా పోదు.

ఆవిడ పెరటికీ, రంగుల కొట్టు నడిపే మరిది పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. నేల వాలు ఇటువైపే కనుక గోడ అడుగున తూము ఉంది. దాన్ని మూస్తే వానకు మరిది ఇల్లు మునుగుతుంది. తూము నీరు చేరే గుంటలో కప్పలు కాపురముండేవి. వంగమొక్కల మీది పురుగుల సంగతి అవే చూసుకునేవి.

ఆ యేడు మరిది పెరటిని తుంగ కమ్ముకుంది. అతను చెడ్డవాడు కాడు, తొందరపాటు మనిషి. గోడకు రంగు వేసినట్టు ఒక్కపూటలో పని తేలాలంటాడు. కలుపుమందు కొట్టి, స్ప్రేయర్‌ను కుళాయి కింద కడిగేశాడు; ఆ నీళ్లు తూములోంచి ఇటు వచ్చాయి. మర్నాటికి ఇటు గుంటలో కప్పలు వెల్లకిలా తేలాయి.

నింద వేసే ముందు ఆవిడ, న్యాయంగానే, మరో సంగతి చూసింది. తూము నీరు చేరని వీధిగుమ్మం తొట్టిలో కప్పలు నిక్షేపంగా ఉన్నాయి. ఎండా అదే, గాలీ అదే. ఇక అనుమానం లేదు.

"నా కప్పల్ని పొట్టన పెట్టుకున్నావు కదయ్యా!" అంది గోడ దగ్గర నిలబడి.

"కప్పలకి కూడా కన్నీళ్లా వదినా? ముందే చెప్తే సంతాపసభ పెట్టించేవాణ్ణిగా!" అని నవ్వాడు మరిది.

ఆ నవ్వును ఆవిడ మాటతో సహా గుర్తుపెట్టుకుంది.

తన వైపు తుంగను ఆవిడ మందు లేకుండానే అదుపులో పెట్టింది. తడినేలలో బొరిగ దించి, మొక్కను గడ్డతో సహా పైకి తీసేది. ఆ చోట పాత అట్టపెట్టెలు పరిచి, ఎండుటాకులు కప్పి, పైన గుమ్మడి పాదు పాకించేది. నీడ పడితే తుంగ నీరసిస్తుంది. తీసిన గడ్డలను రేకు మీద ఎండబెట్టి చంపేది. ఇప్పుడు చంపడం మానేసింది. బక్కెట్టులో తడి ఇసుక పోసి, అవి ఎండి చావకుండా అందులో దాచింది. మరిది కొత్తగా పచ్చిక పరిపిస్తున్నాడు. దాని నిండా ఇవి చల్లాలి.

వానలు గుంటను కడిగేసిన తరువాత, ఒక తెల్లవారుజామున బక్కెట్టు మోసుకెళ్లి, గోడ పక్కన పిడికెడు గడ్డలు తీసి చెయ్యెత్తింది. కాళ్ల దగ్గర నీటిలో ఏదో కదిలింది. తొట్టిలోని కప్పలు ఇటు వచ్చి గుడ్లు పెట్టినట్టున్నాయి, తోకకప్పలు ఈదుతున్నాయి. అటు తుంగ మొలిస్తే మళ్లీ మందు; మందు కొడితే తూము; తూము దాటితే ఈ గుంట. ఎత్తిన చెయ్యి దించి, గడ్డలను మళ్లీ ఇసుకలోనే వేసి, బక్కెట్టును మెట్ల కింద పెట్టింది. పగ చల్లారి కాదు, నిప్పు అంటించబోయేది తన కొంపకేనని తెలిసి.

ఆవిడ చల్లకుండానే అటు తుంగ లేచింది. మందుకు మాడినవి ఆకులే, గడ్డలు కావు. పచ్చికను సూదుల్లా పొడుచుకుని వచ్చింది.

"అక్కా, నీ వైపు ఎలా పోగొట్టావో చెప్పవా?" అంది తోడికోడలు గోడ మీదుగా. "ఈయన మళ్లీ స్ప్రేయర్ తీశాడు. పచ్చిక కూడా మాడ్చేసేలా ఉన్నాడు."

"చెప్తానమ్మా. ఆ స్ప్రేయర్ నా చేతికివ్వండి. తవ్వేది మాత్రం మీ ఆయనే. కూలివాళ్లని పెడితే నేను రాను."

మరిది గింజుకున్నాడు. చివరికి పచ్చిక మీది మోజు పరువును గెలిచింది.

ఆవిడ పీట వేసుకుని కూర్చుంది. అతను మోకాళ్ల మీద వంగి బొరిగ పట్టాడు.

"తెగింది. గడ్డ లోపలే ఉంది. మళ్లీ తవ్వు."

"నడుం విరిగిపోతోంది వదినా!"

"సంతాపసభ పెట్టిద్దాంలే నాయనా."

తోడికోడలు నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తింది.

తుంగ ఒక్కసారికి పోయేది కాదు. మొలక కనబడిన ప్రతి ఉదయం ఆవిడ పీట పట్టుకుని వెళ్లింది. ఒక్క మొలకనూ వదలనివ్వలేదు, ఒక్క మూలుగునూ వినకుండా పోనివ్వలేదు. ఈలోగా తోకకప్పలకు కాళ్లొచ్చి గట్టెక్కాయి.

"ఇక కోపం పోయినట్టేనా అక్కా?" అని అడిగింది తోడికోడలు.

ఆవిడ పీట చంకన పెట్టుకుంది. ఇంటికొచ్చి, మెట్ల కిందనుంచి బక్కెట్టు లాగి, ఇసుకలో వేలు పెట్టి చూసింది. కాస్త ఆరింది. చెంబు తెచ్చి నీళ్లు చిలకరించింది.