గోరుఉలి గాడిలో చింతపిక్క

నా చిన్నప్పుడు మా తాత మీద వచ్చినంత విసుగు నాకు ఇంకెవరి మీదా రాలేదు. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది. నేనే ఇప్పుడు మనవళ్లను ఎత్తిన దాన్ని. ఆ విసుగు మాత్రం అలాగే ఉంది.

ఆళ్లగడ్డలో మాది చెక్క మీద నగిషీ చెక్కే ఇల్లు. ఊరు నిండా రాతి విగ్రహాలు చెక్కేవాళ్లే, మా తాతేమో టేకు చెక్క మీద చిలకలూ లతలూ చెక్కేవాడు. ఆ పనికి గోరుఉలులు కావాలి. వాటి అంచు తిన్నగా ఉండదు, వేలి గోరులా ఒంపు తిరిగి ఉంటుంది. తిన్నటి ఉలినైతే ఎవరైనా నూరుతారు. దీన్ని నూరాలంటే మణికట్టు తిప్పుతూ, ఒంపంతా సానరాయికి సమంగా తగిలేలా ఊపుతూ రుద్దాలి. రాయి మీద రెండు చుక్కల కిరసనాయిలు, ఒక రుద్దు, బొటనవేలి గోటి మీద పెట్టి చూడటం, పెదవి విరవడం, మళ్లీ రుద్దు. ఉలి గోటి మీద జారితే పదును లేనట్టు, పట్టుకుంటే ఉన్నట్టు. అది పట్టుకున్నాక కూడా పాత చెప్పు తోలు మీద ఇంకో వంద సార్లు లాగేవాడు. చెక్కేది కాసేపు, నూరేది పూటంతా. చూసేవాళ్లకు పిచ్చెక్కేది.

ఆ ఏడు నంద్యాల సెట్టి ఒకాయన తన కొత్త ఇంటికి తలుపులు చెక్కమన్నాడు. చాలా రోజులకు వచ్చిన పెద్ద పని. ఇది బాగా కుదిరితే సెట్టి చుట్టాల ఇళ్లకు కూడా మా తాతే చెక్కుతాడని ఇంట్లో అందరికీ ఆశ. గృహప్రవేశం వారంలోకి వచ్చింది, ఇంకా రెండు చిలకలు మిగిలే ఉన్నాయి. తలుపులు అయిపోగానే నన్ను యాగంటికి తీసుకుపోతానని తాత మాట ఇచ్చాడు. అందుకని నేను రోజూ పోయి చూడటం, ఆయన ఉలి పట్టుకుని రాయి దగ్గరే ఉండటం.

"ఇంగా ఎంతసేపు నూరుతావ్ తాతా?"

"ఇంగ రొవ్వంత."

ఆ రొవ్వంత ఎప్పటికీ అయ్యేది కాదు.

ఒకరోజు తాత తలుపులకు ఇత్తడి గుబ్బలు తేవడానికి నంద్యాల బస్సెక్కాడు. నాకు అష్టాచెమ్మా ఆడటానికి పిక్కలు కావాలి. చింతపిక్కను ఒక పక్క తెల్లగా అరగదీస్తే అదే పాచిక. వాకిట్లో నాపరాయి మీద రుద్దుతుంటే పిక్క జారి వేలు గీరుకుపోతోంది. అప్పుడు తాత సానరాయి గుర్తొచ్చింది. ఏళ్ల తరబడి నూరగా దాని మీద గాళ్లు పడి ఉన్నాయి, ఒక్కో ఉలికి ఒక్కో గాడి. సన్న ఉలి గాడిలో చింతపిక్క కొలిచి చేసినట్టు కూర్చుంది. నీళ్లు చల్లుకుంటూ రుద్దాను. ఒకటి పూర్తయి మూడు సగంలో ఉండగా అమ్మ పిలిచింది. రాయిని పావడాతో తుడిచి పెట్టేశాను. చింతపిక్క పిండి జిగురని, అది ఆరితే రాయి గరుకంతా మూసుకుపోతుందని నాకెలా తెలుస్తుంది?

మరునాడు ఉలి ఆ రాయి మీద గాజు మీద జారినట్టు జారింది. ఇంకో రోజైతే తాత అక్కడే ఆగిపోయేవాడు. ముహూర్తం దగ్గరపడిందనో, నేను రోజూ సతాయించినందుకో, ఆ ఒక్కరోజు తొందరపడ్డాడు. ఆ ఉలితోనే చిలక ముక్కు మీదికి పోయాడు. ముక్కు చీలి ఊడి వచ్చింది. ఆయన ఉలి కింద పెట్టి, రాయిని వెలుతురుకు పట్టి చూసి, నాలుక కొసతో తాకాడు. పిండి రుచి తెలిసినట్టుంది, రాయి పక్కన పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నమే సెట్టి దిగాడు. రాయి చెడి ఉలి జారిందని తాత చెప్పాడు.

"ఏందప్పా ఆచారీ ఇది? నాలుగు దినాల్లో ఇంట్లో చేరాల, నువ్వు ముక్కు ఇరగ్గొట్టి కూసున్నావ్! ఇన్నేండ్లు పని చేసినోనివి, రాయి చూసుకునే తెలివి ల్యాదా?"

"చూసుకోల్యా సెట్టీ. నాదే తప్పు."

"నిన్ను నమ్మి చుట్టాలందరికీ చెప్పుకుంటి. ఇంగ నీకు పని ఇచ్చేటోనికి బుద్ధి ల్యానట్లే."

వీధిలో పోయేవాళ్లు నిలబడి వింటున్నారు. నేను గోడకు ఆనించిన తలుపు రెక్క వెనక, పిక్కలు పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాను. 'నేనే' అని ఒక్క మాట అంటే సరిపోయేది. తలుపు వెనక ఇంకా లోపలికి నక్కాను.

సెట్టి పోయాక తాత ఇటు చూడకుండానే చేయి చాపాడు. "తే పాపా ఈడికి." పిక్కలు ఇచ్చి, దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను. గరగరమని చప్పుడు. కళ్లు తెరిస్తే ఆయన వాకిట్లో గొంతుక్కూర్చుని నాపరాయి మీద నా పిక్కలు రుద్దుతున్నాడు. "బొటనేలు ఇట్ల పెట్టాల, అప్పుడు జారదు. దీనికి ఈ రాయే మంచిది." మిగిలిన మూడూ తెల్లగా అరగదీసి, పిండి ఊది, నా అరచేతిలో పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

మూడు రోజులు ఇద్దరం వేడినీళ్లు, కొబ్బరిపీచు పెట్టి ఆ రాయి తోమాం. గృహప్రవేశం ఉత్త పలకల తలుపుతో జరిగిపోయింది. ముక్కు ఊడిన చిలక తలను తాత వెనక్కి తిరిగినట్టు చెక్కి, ఈకలు దువ్వుకునే చిలకగా మార్చాడు. తలుపులు లారీకి ఎక్కించిన రోజు నేనూ పట్టుబట్టి ఎక్కాను. సెట్టి వాకిట్లో దిగీ దిగగానే చెప్పేశాను, రాయి చెడగొట్టింది నేను, తాత కాదు అని.

సెట్టి తాత వైపు తిరిగాడు. "ఆ పొద్దు ఈ మాట ఎందుకు చెప్పల్యా? అన్ని మాటలు అంటి కదప్పా నిన్ను."

"చెప్తే రాయి బాగయితాదా?" అన్నాడు తాత. ఆ పైన నన్నే కసురుకున్నాడు. "నిన్నెవరు చెప్పమన్న్యారు?"

సెట్టికి తెలిసింది సరే, ఉత్త పలకల తలుపు చూసిపోయిన చుట్టాలందరికీ ఎవరు చెప్పబోతారు? వాళ్ల ఇళ్ల పనులు ఒక్కటీ రాలేదు. తాత మాత్రం మాట ప్రకారం నన్ను యాగంటికి తీసుకుపోయాడు. అదొకటి!

ఒక్క దెబ్బ కొట్టి ఉంటే ఆ పొద్దుకే తీరిపోయేది. కొట్టలేదు గనకే నాకీ రోగం పట్టింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ స్టాఫ్ రూములో గ్లాసు పగిలినా, రిజిస్టరు పోయినా, ఎవరి పనో తేలకముందే 'నేనే సార్' అని లేచి నిలబడేదాన్ని. తిట్లు తిని ఇంటికొచ్చి తాతను తిట్టుకునేదాన్ని.

పోయిన నెల మా మనవడు బంతి విసిరి పక్కింటాయన బండి అద్దం పగలగొట్టాడు. ఆయన అరుస్తూ వచ్చాడు. నా కూరల సంచి తగిలిందని చెప్పి, ఆయన అన్నవన్నీ పడ్డాను. ఆయన వెళ్లాక చూస్తే మనవడు బంతి వీపు వెనక దాచుకుని నిలబడి ఉన్నాడు. వాడి మొహం చూసేసరికి నా మీద నాకే ఒళ్లు మండింది. ఒక్కటి వేసి ఉంటే సాయంత్రానికి మరిచిపోయేవాడు. ఇక జన్మలో మరిచిపోడు, పాపం.