ఇను అంటే కుక్క

మా చిన్నప్పుడు... అంటే నేను ఐదో క్లాసులో ఉండగా, సోషల్ మిస్ మాతో చీటీలు తీయించింది. ఒక్కొక్కరికి ఒక్కో దేశపు నది. నా చీటీలో జపాన్ నది వచ్చింది... ఇనుకామి.

మిరపకాయలు ఆరబోసిన కల్లంలో కూర్చుని చార్టు మీద దాని బొమ్మ గీస్తుంటే నాయనమ్మ వంగి చూసింది. సుజుకా కొండల్లో పుట్టి, బివా అనే పెద్ద సరస్సులో కలుస్తుందని చెప్పాను.

"సముద్రం దాకా పోదా? అయితే అది నదేంటే, వాగు," అంది.

పేరు వెనక కథ మాత్రం ఆమెకు చెప్పలేదు...

ఒక వేటగాడు చెట్టు కింద పడుకోబోతే అతని కుక్క ఆగకుండా మొరిగిందట. విసుగొచ్చి దాని తల నరికేశాడట. ఆ తల ఎగిరి, పైనుంచి అతని మీదికి దిగుతున్న పాము గొంతు కరుచుకుందట. నది పేరు ఆ కుక్క వల్లే వచ్చిందంటారు. జపాన్ భాషలో ఇను అంటే కుక్క.

మా కల్లంలో తిరిగే గోధుమరంగు కుక్కకు ఆ రోజే ఇను అని పేరు పెట్టాను... రహస్యంగా. కాయలు తొక్కుతుందని నాన్నకు అదంటే పడదు. నాకేమో నాన్నంటే భయం.

రెండు రోజులకు మబ్బు పట్టింది. కాయల మీద కప్పడానికి నాన్న మడతపెట్టిన టార్పాలిన్ పట్టా తీయబోతే, ఇను అడ్డం నిలబడి ఒకటే మొరుగుడు.

"దీని దుంప తెగ... వాన మీదికొస్తంటే," అని నాన్న కర్ర ఎత్తాడు.

"ఇనూ..." అని అరిచేశాను. నేను పిలిచింది కుక్కను.

నాన్న కర్ర దించాడు. మా వైపు ఇను అంటే విను అనే కదా.

"ఏంటే ఇనేది? చెప్పు."

కథలో పాము గుర్తొచ్చి పట్టా వైపు వేలు చూపించాను. నాన్న కర్రతో మడత విప్పాడు... లోపల రక్తపింజర.

"నీకెట్టా తెలిసిందే?"

పక్కనే కాయలు కుప్ప చేస్తున్న నాయనమ్మ అంది, "పిల్ల ఇనమంటే ఇన్నావు, బతికిపోయావు. ఎప్పుడన్నా నా మాట ఇన్నావా?"

ఇను ఇప్పుడు లేదు. నాన్నకు ఆ పేరు ఇప్పటికీ తెలియదు...

వచ్చే నెల ఇంటర్‌లో చేరాలి. నాన్న ఎంపీసీ అంటున్నాడు. నాకు నదులు, మ్యాపులు చదవాలనుంది. అప్పుడు పొరపాటున వచ్చిన మాట... ఇప్పుడు కావాలన్నా గొంతు దాటి రావట్లేదు.

మీరూ ఎవరికీ తెలియకుండా పెట్టుకున్న పేర్లేమైనా ఉంటే కింద రాయండి... మా నాన్న ఇవి చూడడులెండి.