నీళ్ళోళ్ళకు కుట్టిన గౌను

పోయిన నెల ఒక గురువారం పొద్దున నేను కాలేజీ బ్యాగు సర్దుకుంటుంటే అమ్మ వాకిట్లోంచి వచ్చి, "ఖాలా పోయిందంట పాపా" అంది. నేను "ఓ" అన్నాను. అంతే. షూ లేసులు కట్టుకుని ఆటో ఎక్కాను. ఆటో మలుపు తిరిగేటప్పుడు వాళ్ళింటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు దించుతున్నారు. ఏడుపు తర్వాత వచ్చింది, కాలేజీ బాత్‌రూంలో, కుళాయి తిప్పి పెట్టుకుని. ముందు వచ్చింది ఏడుపు కాదు. ఇక ఆ సంగతి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు అన్న నిమ్మళం. అలా అనిపించినందుకు ఇప్పటికీ నా మొహం నేను అద్దంలో సరిగ్గా చూసుకోలేకపోతున్నాను.

ప్రొద్దుటూరులో మా వీధి చివర ముందుగదిలో మిషను వేసుకుని కుట్టేది ఆమె. భర్త కువైట్‌లో. ఒక్కతే కూతురు, పులివెందులలో కాపురం. చుట్టాల పిల్లలు పిన్నమ్మ అనే అర్థంలో పిలిచే పిలుపే వీధికంతా అలవాటై, అందరికీ ఖాలానే. ఇది చదివే ప్రొద్దుటూరువాళ్ళలో చాలామంది ఆమె కుట్టిన జాకెట్టు వేసుకునే ఉంటారు. మూతిలో గుండుసూదులు పట్టుకునే మాట్లాడేది, ఒక్కటీ కింద పడేది కాదు. చెవి మీద సుద్దముక్క. మిషను తొక్కేటప్పుడు చెప్పులు విడిచేసేది, అరికాలికి తెలియకపోతే కుట్టు తప్పుతుందని.

నేను ఆమె గురించి రాయాల్సింది మాత్రం జాకెట్ల సంగతి కాదు.

మా అమ్మమ్మది జమ్మలమడుగు. ఒకసారి అక్కడినుంచి మైలవరం డ్యాం చూడటానికి వెళ్ళినప్పుడు, నీళ్ళ కింద ఊళ్ళున్నాయని ఎవరో అన్నారు. ఆ ఊళ్ళవాళ్ళు ఎక్కడికీ పోకుండా నీళ్ళలోనే ఉండిపోయారని నేను అనుకున్నాను. వాళ్ళకో పేరు పెట్టాను, ఆక్వేరన్స్ అని. వాళ్ళెలా ఉంటారో, ఏం కట్టుకుంటారో ఇంగ్లీషులో రాసుకుని, పక్కన బొమ్మలు వేసుకున్నాను. నోటుబుక్కు అట్ట మీద ఫిజిక్స్ రికార్డు అని ఉంటుంది. నన్ను డాక్టరు చేయాలని నాన్న ఆశ, నా పుస్తకాలన్నీ తిరగేయడం అమ్మ పని. అందుకని ఆ అట్ట.

తొమ్మిదో తరగతిలో యూనిఫాం వదులు చేయించుకోవడానికి వెళ్ళినప్పుడు బ్యాగులోంచి ఆ పుస్తకం జారి, బొమ్మల పేజీ దగ్గర తెరుచుకుంది. నేను వంగేలోపే ఖాలా తీసి, కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది. నవ్వలేదు.

"గుండీలన్నీ వీపున పెట్టినావే. ఎవురు పెడతారు పాపా వాటిని? ఇంటికొక పనిమనిషి ఉంటాదా వీళ్ళకు?" అంది.

వాళ్ళ గురించి నేను నోరు తెరిచి చెప్పింది ఆ రోజే. ఒళ్ళు చింతచిగురు రంగు, నిండా స్కేల్స్. చెవులుండవు. మెడకు అటూ ఇటూ మూడేసి చీలికలు, ఊపిరి వాటితోనే. వేళ్ళ మధ్య బాతుకు ఉన్నట్టు పలచని చర్మం. తల మీద జుట్టుకు బదులు పాచిలాంటి పోగులు, పెళ్ళయినవాళ్ళు వాటిని ముడేస్తారు, కానివాళ్ళు వదిలేస్తారు. అంతా విని ఆమె, పేరు తనకు నోరు తిరగదు కాబట్టి నీళ్ళోళ్ళు అందామంది. ఆ రోజు నుంచి వాళ్ళు నాకూ నీళ్ళోళ్ళే.

ట్యూషన్లో డౌట్లున్నాయని ఇంట్లో చెప్పి, సాయంత్రాలు ఓ అరగంట అక్కడ కూర్చునేదాన్ని. ఆమె నా బొమ్మలన్నీ సరిచేసింది. మెడ మీద చీలికలుంటే కాలరు పెట్టావేంటి, ఊపిరాడక చస్తారు కదా అని కాలర్లు తీయించింది. వేళ్ళ మధ్య చర్మం ఉన్నవాళ్ళు కాజాలో గుండీ దూర్చలేరని నాడాలు పెట్టించింది. నీళ్ళలో గౌను పైకి తేలిపోతుంది కాబట్టి అంచు మడతలో వలకు కట్టే సీసం గుండ్లు వేసి కుట్టాలంది. ఆడవాళ్ళకు జేబులు మర్చిపోయానని నిజంగానే కోప్పడింది. కొలత తీసుకోకుండా ఎవరికీ కుట్టకూడదు, లేనివాళ్ళకైనా సరే, అనేది. నన్ను నిలబెట్టి టేపు పెట్టి, వాళ్ళ ఆడపిల్లలు నా అంతే ఉంటారనుకుందామని రాసుకుంది.

పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజు, వెనకగది తలుపు దగ్గరికి లాగి ఒక గౌను మడత విప్పి చూపించింది. నీలం, పచ్చ కలిసిన మెత్తటి గుడ్డ. పైనుంచి కిందదాకా పసుపు దారంతో సన్నటి గీతలు. ఒక పొడుగు గీత, నాలుగు పొట్టి గీతలు, మళ్ళీ పొడుగు గీత, పక్కనే అంకె. ఒళ్ళంతా అచ్చం నా జామెట్రీ బాక్సులో స్కేలు.

ఇదేంటని అడిగాను.

"నువ్వే కద పాపా చెప్పినావు, వాళ్ళకు ఒళ్ళంతా స్కేల్స్ ఉంటాయని. ఎందుకబ్బా అని శానా ఆలోచించినా. డ్యాంకాడ గోడకు గీసుంటారు సూడు, నీళ్ళు ఎంతుండాయో తెలిసేకి. అట్ల వీళ్ళు యాడ నిలబడితే ఆడ ఎంత లోతుందో ఒంటి మీదనే సూసుకుంటారేమో అనుకున్యా."

నేను కడుపు పట్టుకుని నవ్వాను. స్కేల్స్‌ను తెలుగులో ఏమంటారో నాకు తట్టలేదు. పుస్తకం తీసి చేప బొమ్మ గీసి చూపించాను. "పొలుసులా! పొలుసులని చెప్పకూడదా తల్లీ" అని ఆమె కూడా నవ్వింది, కళ్ళనీళ్ళు వచ్చేదాకా. నెల రోజుల కుట్టు అది. ఆ గీతలు నేను ఊహించుకున్న పొలుసుల కంటే ఎంత బాగున్నాయో ఆమెకు చెప్పలేదు.

చెప్పకపోగా, గౌను వేసుకుని మిషను గది అద్దం ముందు ఫోటో తీసుకుని మా క్లాసు పిల్లల గ్రూపులో పెట్టాను. నీళ్ళవాళ్ళకు కుట్టిన గౌను, మా టైలరుకు స్కేల్స్ అంటే రూళ్ళకర్ర అట, అని రాశాను. నవ్వు బొమ్మలు వరసగా వచ్చాయి. ఇంతకీ ఎవరికి కుట్టింది, ఎవరా నీళ్ళవాళ్ళు అని ఒకమ్మాయి అడిగింది. నావాళ్ళు అని రాయడానికి చేతులు రాలేదు. ఆమే అలా ఊహించుకుంటూ ఉంటుంది, కొంచెం స్క్రూ లూజు, అని రాశాను. రాయడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

పిల్లల ఫోన్లలోంచి అది తల్లుల ఫోన్లలోకి పోయింది. నా మొహం కత్తిరించి, గౌను ఒక్కటే ఉంచి పంపుకున్నారు. జాకెట్లకు వచ్చేవాళ్ళు, నీళ్ళోళ్ళ పెండ్లి ఎప్పుడు ఖాలా అని అడిగేవాళ్ళంట. తర్వాత కొందరు రావడమే మానేశారు. బుర్ర సరిగ్గా లేని మనిషి చేతికి పట్టుగుడ్డ ఎలా ఇస్తామన్నారు.

ఒకరోజు అమ్మతో కలిసి నేనూ అక్కడున్నాను. అమ్మ ఉన్నట్టుండి, "నిజంగా ఎవురికి కుట్టినావు ఖాలా అది?" అని అడిగింది. ఖాలా నా వైపు చూసింది. ఒక్కసారే. నేను నాపరాళ్ళ మధ్య సందులు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

"నాకే ఉబుసుపోక కుట్టుకున్యాలే అమ్మా" అంది. మిషను తొక్కడం మొదలుపెట్టింది.

తర్వాత నేను అటు పోలేదు. ఇంటరు కాలేజీ ఆటో వాళ్ళింటి ముందునుంచే పోతుంది, ఫోను చూస్తున్నట్టు కూర్చునేదాన్ని. ఆమె నన్ను పిలవలేదు, కబురు పంపలేదు. షుగరు ఎక్కువై కాలు వాచిందని విన్నాను. అప్పుడూ పోలేదు.

పదిరోజుల కిందట అమ్మ, ఖాలా కూతురికి అన్నం క్యారియరు ఇవ్వడానికి వెళ్తూ నన్నూ రమ్మంది. ఆ అక్క మిషను గది ఖాళీ చేస్తోంది. గుడ్డముక్కల మూటలో ఆ గౌను బయటపడింది. దాన్ని పట్టుకుని మా అమ్మతో, చివర్లో వాళ్ళమ్మకు మతి చెడిందని అందరూ అంటే తనూ నమ్మానని చెప్పింది. డాక్టరు దగ్గరికి రమ్మని ఫోనులో కొట్లాడిందట, పిచ్చి పట్టిందా నీకు అని అరిచిందట. వాళ్ళిద్దరి మధ్య చివరి మాటలు అవేనట.

"దీన్ని సూస్తే కడుపు రగులుతాది అత్తా. కాల్చేస్తా" అంది.

అమ్మ పక్కనే ఉంది. చెప్తే పుస్తకం బయటపడుతుంది, డౌట్ల పేరు చెప్పి పోయిన సాయంత్రాలు బయటపడతాయి, ఫోటో బయటపడుతుంది. చెప్పకపోతే ఆ అక్క జీవితమంతా వాళ్ళమ్మ పిచ్చిదై పోయిందనే అనుకుంటుంది.

"అది నాదక్కా" అన్నాను. "ఆమెకు మతి బాగానే ఉండింది. నేను చెప్తే కుట్టింది. ఫోటో పెట్టింది నేనే. లూజు అని రాసిందీ నేనే."

ఇంటికి పరిగెత్తి పుస్తకం తెచ్చి ఇచ్చాను. ఆ అక్క స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క పేజీ తిప్పింది. నా ఇంగ్లీషు పక్కన వాళ్ళమ్మ పెన్సిలు రాతలు, చంక ఇంత, నడుము ఇంత, ఈడ జేబు.

"అమ్మ బతికున్నప్పుడు నోట్లో ఏం పెట్టుకున్యావు?" అంది.

ఆమె నన్ను క్షమించిందని మీకు రాయలేను, అడగడానికి నాకు నోరు రాలేదు. అమ్మ ఇంటికొచ్చాక పుస్తకం గురించి మాట్లాడదామంది, ఇంకా మాట్లాడలేదు. పుస్తకం ఇప్పుడు అమ్మ దగ్గరే ఉంది, అది చదివాక నాన్నకు ఇస్తుందేమోనని రోజూ భయపడుతూనే ఉన్నాను. ఈ రాసింది కూడా ఇద్దరూ చదువుతారు.

గౌను బయటపడిన మర్నాడు మధ్యాహ్నం కాలేజీ నుంచి వస్తుంటే, ఖాలా ఇంటి ముందు వీధివైపు, రెండు కిటికీ ఊచలకు తీగ కట్టి ఆ గౌను ఆరేసి ఉంది. ఆ అక్క అప్పుడే ఉతికినట్టుంది, పిండలేదు. ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి పసుపు గీతల పక్కనున్న అంకెలు వేలితో చదువుతున్నారు. నేను ఆటో దిగి వాళ్ళ పక్కన నిలబడ్డాను. గౌను అంచు నుంచి నీళ్ళు ధారగా కారి, అరుగు దాటి, వీధిలోకి సన్నగా పారుతున్నాయి.