వాపు రాని ఆవు

పరాయి రాష్ట్రపు రైల్వే ఊళ్ళో, పూరీ గేట్ అవతల రేకుల పాకలో అప్పలనర్సమ్మ రెండు ఆవుల్ని సాకేది. భర్త తవిటయ్య రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల పని చేసేవాడు. ఆమె పాలలో నీటిచుక్క ఉండదని క్వార్టర్లలో పేరు. పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఆమె కోసమే కాచుకుని ఉండేవారు.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో తవిటయ్యకు క్షయ సోకింది. చాలాకాలం ఆసుపత్రిలో ఉండి, సగం మనిషై తిరిగొచ్చాడు. ఇంట్లో పశువులుంటే వాటికీ పరీక్ష చేయించమని అక్కడి డాక్టరు చెప్పి పంపాడు.

పశువుల డాక్టరు ఏలియా కూడా వాళ్ళలాగే టెక్కలి వైపు నుంచి వచ్చినవాడు. ఆవుల మెడమీద కాస్త మేర వెంట్రుకలు గీసి, చర్మం పట్టుకుని మందం కొలిచి, సన్నటి సూదితో చుక్కంత మందు ఎక్కించాడు.

"ఇది జబ్బు తగ్గడానికి కాదమ్మా, తెలుసుకోడానికి. లోపల ఆ పురుగుంటే ఒళ్ళు దీన్ని గుర్తుపట్టి తిరగబడతాది. అప్పుడు ఇక్కడ వాస్తాది" అన్నాడు.

మూడోనాడు వచ్చి చూస్తే ఎర్రావు మెడమీద నిమ్మకాయంత వాపు. చెయ్యి పెడితే వేడి. నిగనిగలాడే ఒళ్ళు, కడివెడు పాలు, ఆమెకు ప్రాణంతో సమానమైన ఆవు. తెల్లావు ముసలిది, డొక్కలు తేలి ఉంది, అప్పుడప్పుడు దగ్గేది. దాని మెడ మాత్రం నున్నగా ఉంది.

"ఏటి బాబూ, బాగున్నదానికి వాసినాది, బాగులేనిదానికి వాయలేదు. మందే తిరగబడినాదేటి?" అంది అప్పలనర్సమ్మ.

ఏలియా తెల్లావు పక్కటెముకల మీద చెవి ఆన్చి చాలాసేపు విన్నాడు. "ఎర్రావుని విడిగా కట్టెయ్యమ్మా. ఈ తెల్లదాని సంగతే నాకు నమ్మకం సాలడం లేదు. కొన్నాళ్ళు పోయాక మళ్ళీ సూస్తాను. అందాకా రెండిటి పాలూ ఎవరికీ పొయ్యకు."

"వాయనిదాని పాలు కూడానా?"

"కూడానే."

ఆమెకు కోపమొచ్చింది. వాపు లేదని ఆయన కళ్ళతోనే చూశాడు కదా! మర్నాడు పొద్దున్నే క్వార్టర్లలో ఉండే శేషారత్నం గిన్నె పట్టుకుని వచ్చింది. చంకలో ఏడాది నిండని ఆడపిల్ల.

"పరీక్షలో తెల్లావుకి ఏటీ నేదన్నారటగా అప్పా, దాని పాలే పొయ్యి."

అప్పలనర్సమ్మ చెంబు అందుకుంది. లోపల తవిటయ్య దగ్గు వినిపించింది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని లాగుతోంది. చెంబు కింద పెట్టేసింది.

"పొయ్యనమ్మా. డాక్టరు బాబుకి అనుమానముంది. నాకూ ఉంది."

ఆ మాట ఊరంతా పాకింది. పాలు పోయించుకునేవాళ్ళు వేరే ఇళ్ళు చూసుకున్నారు. రోజూ పిండిన పాలు దూరంగా గోతిలో పోసి మన్ను కప్పుతుంటే ఆమె కళ్ళమ్మట నీళ్ళు కారేవి.

వానలు పడకముందే తెల్లావు చచ్చిపోయింది. పట్టాల అవతల బయలులో ఏలియా దాన్ని కోసి చూస్తానంటే, తనూ చూస్తానని వెళ్ళింది. ఊపిరితిత్తుల నిండా గడ్డలు, వాటిలో విరిగిన పాలలాంటి పదార్థం.

"ఇంత జబ్బుంటే మెడ ఎందుకు వాయలేదు బాబూ?"

"వాపంటే ఒళ్ళు జబ్బుతో కలబడడమేనమ్మా. ఎర్రావుకింకా కలబడే ఓపికుంది. దీనికి ఆ ఓపిక ఎప్పుడో అయిపోనాది. అందుకే సూదికి పలకలేదు."

 తిరిగొచ్చేటప్పుడు ఆమె, చప్పుడు లేకపోతే బాగున్నట్టే అనుకుంటాం కదా అని తలపోసుకుంది. తవిటయ్య కూడా మొదట్లో నెలల తరబడి ఏమీ లేదనే అన్నాడు. ఆ మాటే నమ్మి తను నిశ్చింతగా నిద్రపోయింది.

ఎర్రావును కొనడానికి బేరగాళ్ళొచ్చారు. పైకి దానికేం లోటు కనిపించదు. "దీనికి జబ్బుంది" అని గుమ్మంలోనే చెప్పి పంపేసేది. ఊరి చివర దానికో పందిరి వేయించి, అది వట్టిపోయేదాకా పాలు పారబోస్తూ, వేరే గాబులో నీళ్ళు పెట్టి సాకింది. తను గోల్ బజారులో కూరగాయలు అమ్ముకుని ఇల్లు నడిపింది.

శేషారత్నం ఏడాదిపాటు పలకరించలేదు. తర్వాత ఒకనాడు తనే బజారుకొచ్చి, ఎదురుగా కూర్చుని వంకాయలు ఏరుతూ అడిగింది:

"మాయన దూడని తెచ్చినాడప్పా. ఆ డాక్టరు బాబుని ఒకపాలి మాయింటికి రమ్మంటావేటి?"

"పద, ఇప్పుడే పోదాం" అని అప్పలనర్సమ్మ బుట్టమీద గోనె కప్పేసింది.