స్టేడియం మీట

ఒక్క మీట నొక్కి, దుబాయిలో నిక్షేపంగా ఉన్న మా అన్నని తాండూరులో బావిలో పడేసిన ఘనత నాది. నవ్వండి, ఫర్వాలేదు. ఆ రోజు నవ్వడానికి ఎవరికీ తీరిక లేదు.

ఎనభైల చివరి సంగతి. వికారాబాద్‌లో రెండు రేడియోలు విప్పి, ఒకదాన్ని తిరిగి బిగించగలిగినందుకు నన్ను నేనే ధ్వనిశాస్త్రవేత్తగా నియమించుకున్న రోజులు. తాండూరులో ఉండే మా పెద్దమ్మకి, దుబాయిలో పనిచేసే కొడుకు అంజన్న ఒక స్టీరియో, దానికి తగిలించే నల్లటి డిజిటల్ పెట్టె, ఉత్తరానికి బదులు తన మాటలు నింపిన క్యాసెట్టు పంపించాడు. కబురు చెవిన పడగానే పొద్దుటి రైలెక్కేశాను. ఎవరైనా పిలిచారా అని మాత్రం అడక్కండి.

పెట్టె మీద హాలు, చర్చి, స్టేడియం అని మీటలు; ఏది నొక్కితే పాట అక్కడ మోగినట్టు వినిపిస్తుందట. పాటల క్యాసెట్టు వేసి స్టేడియం నొక్కాను. ఇంట్లో పరిచిన నాపరాళ్లు కూడా వంత పాడాయి.

"ఏం సౌండు భాయ్! మస్తుగుంది!" అన్నాడు పక్కింటి టైలర్ ఖాజా. దాంతో నా తల గుమ్మం పట్టనంత పెరిగింది.

"మనిషి గొంతు గూడ గిట్లనే వస్తదా కొడుకా?" అంది పెద్దమ్మ.

"ఇది డిజిటల్ పెద్దమ్మా! ఉన్నది ఉన్నట్టే వినిపిస్తది. అబద్ధం చెప్పనే చెప్పదు."

వాడకట్టంతా చేరింది. అంజన్న క్యాసెట్టు పెట్టాను.

"అవ్వా... వ్వా... వ్వా... నేను మంచిగున్న... న్న... న్న..."

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. "మంచిగుంటే గా గొంతేందిరా? బాయిలకెల్లి ఒర్లినట్టున్నది!"

"బాయే అమ్మా," అన్నాడు ఖాజా. "మా మామూ పడ్డప్పుడు సేమ్ గిట్లనే పిలిచిండు. నర్సిం, పెట్టె గిట్ల ఖరాబ్ గాలేదు గదా?"

అప్పుడైనా అవునని ఉంటే బతికిపోయేవాణ్ణి. "పెట్టె తప్పు చెప్పదు," అన్నాను. నా మాట నేనే నమ్మేశాను మరి!

"అయ్యో నా కొడుకో!" అని పెద్దమ్మ అందుకుంది. టేపు అక్కడే ఆపి పోస్టాఫీసుకి పరుగెత్తాం. దుబాయికి ట్రంకు కాల్ బుక్ చేసి, దేవుళ్లందరికీ మొక్కుకుంటూ మధ్యాహ్నం దాకా కూచున్నాం.

లైను కలవగానే పెద్దమ్మ కేక పెట్టింది: "కొడుకా! బాయిల నీళ్లు ఏడిదాంక ఉన్నయిరా?"

"ఏం బాయి అవ్వా? నేను దుకాణంల ఉన్న! పక్కన ఎవరున్నరు?"

ఫోను నా చేతికొచ్చింది.

"నర్సిం, పెట్టె మీద ఏ లైటు ఎలుగుతుంది?"

"స్టేడియం, అన్నా."

"బంద్ చెయ్ తమ్మీ. బంద్ చేసి, నా క్యాసెట్టు ఆఖరుదాంక ఇనుండ్రి," అని పెట్టేశాడు.

ఇంటికొచ్చాం. వాడకట్టంతా మళ్లీ కూచుంది. మీట ఆపేసి టేపు తిప్పాను. అంజన్న మంచం మీద కూచుని మాట్లాడుతున్నట్టే ఉంది.

"అవ్వా, నేను మంచిగున్న, ఫికర్ చెయ్యకు. గా నల్ల పెట్టె జర నాజూకుది. ఖాజా భాయ్‌తోని పెట్టించుకో. నర్సింకు మాత్రం చెప్పకు. చెప్పకున్నా వస్తడు, తలుపుకు గొళ్లెం పెట్టుకో."

అంత స్వచ్ఛమైన ధ్వని నా జన్మలో వినలేదు. ఒక్క అక్షరం కూడా చెదరలేదు.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరింట్లో ఏ పెట్టె మోగినా, చేతులు వెనక్కి కట్టుకునే వింటాను. వాళ్లు పిలిచినా సరే!