గౌరయ్య పటేలు ఛాతీలో పెట్టె

శామీర్‌పేటలో మా పక్కిల్లు గౌరయ్య పటేలుది. ఊళ్లో ఏ తగువైనా ఆయన అరుగు మీద తెగాల్సిందే. అలాంటి మనిషి 2006లో పొలంగట్టున స్పృహ తప్పి పడ్డాడు. సికింద్రాబాద్ డాక్టర్లు ఎడమ భుజం దిగువన, చర్మం కింద, చిన్న పెట్టె అమర్చారు. గుండె లయ తప్పి పరుగెడితే అది లోపలి నుంచే కరెంటు దెబ్బ కొట్టి దారికి తెస్తుంది. ఊరికి మాత్రం పటేలు, యాదగిరిగుట్టలో పదకొండు రోజులు నిద్ర చేసి వచ్చానని చెప్పాడు. గుండె జబ్బు మనిషని తెలిస్తే తన తీర్పు ఎవరు వింటారని బెంగ. నిజం తెలిసింది భార్య సత్యమ్మకే.

ఒక్క దెబ్బ తగిలి మనిషి బాగుంటే ఫోన్ చెయ్యమన్నారు డాక్టర్లు. వెంటనే రెండోది తగిలితే మాత్రం ఆగకుండా వచ్చి పెట్టె కార్డు చూపించమన్నారు. ఆ కార్డు సత్యమ్మ నడుముకున్న వక్కల సంచిలో, సున్నం డబ్బా పక్కన ఉండేది.

మరుసటి ఏడు బోనాలొచ్చాయి. సత్యమ్మ నెత్తిన బోనం, ముందు బక్కయ్య డప్పు. పటేలు అడుగు వేయబోయాడు. అడుగు కాస్తా గంతైంది. గంతులు పెరిగాయి. ఉన్నట్టుండి "ఓ!" అని జానెడు ఎగిరాడు.

"తల్లొచ్చింది! పటేలు మీదికి తల్లొచ్చింది!" అంటూ బక్కయ్య డప్పు జోరు పెంచాడు.

నేను కోస్తా నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగిని, పూనకాలంటే ముసిముసిగా నవ్వుకునే రకం. పడిపోతాడేమోనని చెయ్యి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే రెండో దెబ్బ. నా వేళ్లు కూడా జివ్వుమన్నాయి. చెప్పుకుంటే సిగ్గు గాని, చెప్పులు విడిచి దండం పెట్టేశాను.

బక్కయ్య ముందుకొచ్చాడు. "తల్లీ, గీ యేడు వానలు మంచిగ పడ్తయా?"

పటేలు మొహం పాలిపోయింది. చెబితే ఏడాది గుట్టు పోతుంది. చెప్పకపోతే ప్రాణమే పోవచ్చు.

"పడ్తయి, పడ్తయి. జల్దీ జీపు తెప్పియ్యండ్రి!" అన్నాడు తల్లి గొంతుతో.

"ఏడికి తల్లీ?"

"దవాఖానకు!"

"తల్లికి దవాఖానెందుకు?"

సత్యమ్మ ఇక ఆగలేకపోయింది. గుడి చేరేదాకా బోనం నేల మీద దించకూడదు. చుట్టూ చూసి, "పట్టుండ్రి సారూ!" అని నా నెత్తిన పెట్టేసింది. "తల్లి గాదు, ఏం గాదు! గుండె మిషిని కొడ్తాంది! జరుగుండ్రి!" అని పటేలు అంగీ గుండీలు తెంపి ఉబ్బు చూపించింది.

డప్పు ఆగింది. "గుట్టకు పోయినన్నది గిందుకా పటేలా?"

"గదంతా మల్ల మాట్లాడుదం. మొదలు నన్ను జీపెక్కియ్యి!"

జీపు వాళ్లిద్దరినీ ఎక్కించుకుని వెళ్లిపోయింది. నేను బోనంతో మిగిలాను.

"దించద్దు సారూ, నడువుండ్రి," అన్నాడు బక్కయ్య.

నడిచాను. మా ఆవిడ జానకీదేవి మేడ మీంచి చూసింది. ఆ సంగతి ఇప్పటికీ వదలదు.

ఆసుపత్రిలో కార్డు చూసి, గుండె తీరు తెర మీద పరీక్షించి, పెట్టె మీద చేతిగాజులాంటి గుండ్రని అయస్కాంతం ఉంచారట. దెబ్బలు ఆగాయి. గంతులకు పెరిగిన వేగాన్ని పెట్టె జబ్బనుకుందట. పెట్టె లెక్క సవరించి రెండు రోజుల్లో ఇంటికి పంపారు.

పై ఏడు పటేలు కార్డుకు దారం కట్టి, అందరికీ కనబడేలా మెడలో వేసుకొచ్చాడు. "బక్కా, నేను ఎగిరిన్నంటె తల్లి గాదు. జీపు తేవాలె."

"ఎరికె పటేలా. గని పోయినేడు పడ్తయన్నవ్, వానలు మస్తు పడ్డయి. గీ యేడెట్ల?"

పటేలు సత్యమ్మ ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు. గొంతు తగ్గించి, "పడ్తయి," అన్నాడు.